సారాంశం వెనకవైపు ఉంది

నిఘంటువు కార్యాలయం,
రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

అక్క ఆశీస్సులు. నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను. తలచక ఏం చేస్తాను, నువ్వు రాయవు కదా! కిందటి నెల నీ ఉత్తరం మొత్తం ఇదీ: "క్షేమం. వానలు మొదలయ్యాయి. గొడుగు కొన్నాను." ఈ మూడు వాక్యాలను పాపం ఆ పోస్టుమాన్ వానలో తడుస్తూ తెచ్చి, మా రెండు అంతస్తులూ ఎక్కి చేతికిచ్చాడు. ఆయన ముఖం చూడలేక మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. నీ గొడుగు సంగతి ఆయనకి తెలిసి ఉంటే ఆ మెట్ల మీదే నిన్ను తిట్టి పోసేవాడు.

ఇక నా గోడు విను. మా పర్యాయపద నిఘంటువు పని 'స' దాకా వచ్చింది. మా ప్రధాన సంపాదకుడు తెలుసు కదా, కామా గారు. ఆయన మాటలో కామాలు తప్ప ఫుల్‌స్టాప్ ఉండదని మేం పెట్టిన పేరు. నిన్న నా బల్ల దగ్గరికొచ్చి, "చూడమ్మా, ఈ కట్ట, మీరే తీసుకోవాలి, ఎందుకంటే, మిగతావాళ్లంతా, వేరే పనుల్లో ఉన్నారు, అదీ కాక" అంటూ ఒక కట్ట చేతిలో పెట్టి, ఆ వాక్యం పూర్తి చేయకుండానే వెళ్లిపోయారు. విప్పి చూద్దును కదా, సారాంశం, సంగ్రహం, సంక్షేపం, క్లుప్తం, టూకీ, ముక్తసరి, తాత్పర్యం! పెద్దదాన్ని కుదించి చెప్పే మాటల సంసారమంతా నా నెత్తిన పడింది. అన్నం ఉడికిందా అని అడిగితే బియ్యం ఏరిన దగ్గర్నుంచి చెప్పుకొచ్చే మనిషిని నేను. గదిలో అందరూ పని ఆపి మరీ నవ్వారు.

పైగా ఇక్కడొక నియమం ఉంది. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. దాని మీద ఆ మాటకే ఉన్న తేడా ఏమిటో రాయాలి. కింద ఉదాహరణ వాక్యం అతికించాలి. ఆ వాక్యం మేం కల్పించింది కాకూడదు. ఎవరో ఒకరు తమ అవసరం కొద్దీ నిజంగా రాసినదై ఉండాలి. అందుకే మేం చూసినదల్లా కత్తిరిస్తాం. పాత పత్రికలు, కరపత్రాలు, చుట్టాల ఉత్తరాలు. మీ బావ తన కుట్టుమిషన్ల రిపేరు షాపులో గోడకి అంటించుకున్న 'రేపు రండి' కూడా నేను కత్తిరించుకొచ్చినదే. పాపం రెండు రోజులు వెతుక్కున్నారు.

నువ్వు రోజంతా ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని, పదిరోజుల జబ్బుని పది వాక్యాల్లో రాసి రోగిని ఇంటికి పంపేవాడివి. ఈ మాటలకి తేడా నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నాకు రాసి పంపు. కాస్త పెద్ద ఉత్తరం రాస్తే చెయ్యి అరిగిపోదు.

ఇంకో మాట. ఇంకా ఆ పాడైపోయిన ఫారాల వెనకే రాస్తున్నావా? మొదట్లో ఉత్తరం రాగానే అటు తిప్పితే "రోగి, వయసు, ప్రధాన ఫిర్యాదు" అని అచ్చు గడులు కనబడి గుండె గుభేల్‌మనేది. తర్వాత అన్నీ ఖాళీ గడులేనని తెలిసి తిప్పడం మానేశాను. ఒక్కసారైనా తెల్లకాగితం మీద రాయరా!

ప్రేమతో,
మీ అక్క

---

రికార్డుల గది,
జూన్ 15

అక్కా,

క్షేమం. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

సంగ్రహంలో అన్నీ ఉంటాయి, పొట్టిగా ఉంటాయి. సారాంశంలో అన్నీ ఉండవు. పిండితే దిగిన రసం మాత్రం ఉంటుంది.

డాక్టరు వార్డులో నడుస్తూ "ఏమిటి ఈయన కథ?" అంటే నర్సు కూడా నడుస్తూ టూకీగా చెబుతుంది. టూకీ నోటిమాట. దాన్ని కాగితం మీద పెడితే డాక్టరు సంతకం పెట్టడు.

క్లుప్తంగా రాసినంత మాత్రాన సారాంశం అయిపోదు. మా పాత గుమాస్తా ఒక ఫారంలో "పోయాడు" అని రాసి ఊరుకున్నాడు. అది క్లుప్తం. రోగి పోయింది ఇంటికి. వాళ్లావిడ ఫారం చూసి మూర్ఛపోయింది.

ముక్తసరిగా మాట్లాడేవాడికి చెప్పడం ఇష్టం ఉండదు. క్లుప్తంగా మాట్లాడేవాడికి ఇష్టం ఉంటుంది, చేతకాదు. నేను రెండో రకం. అందరూ మొదటి రకం అనుకుంటారు.

ఇంతకంటే తెలియదు. గొడుగు బాగుంది.

తమ్ముడు

(అదే కాగితం వెనకవైపు, అచ్చు గడుల్లో, పెన్సిలుతో)

రోగి: నేనే.

వయసు: నలభై ఆరు.

చేరిన తేదీ: సరిగ్గా చెప్పలేను. కిందటి చలికాలం అనుకుంటాను.

ప్రధాన ఫిర్యాదు: మా మందుల గది ఆవిడ.

ప్రస్తుత చరిత్ర: చదువు రానివాళ్లకి మందు కవరు మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీసి ఇస్తుంది. ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో తెలియాలని. ఒక ముసలాయన "మా సూర్యుడు అయిపోయాడమ్మా, ఇంకో నాలుగు ఇవ్వు" అని అడిగితే ఇద్దరం ఒకేసారి నవ్వాం. అప్పటినుంచి మధ్యాహ్నం ఒకే బెంచీ మీద కూర్చుని తింటున్నాం. ఆవిడ మాట్లాడుతుంది. నేను వింటాను. ఈ మధ్య నేనూ మాట్లాడుతున్నాను. నువ్వు నమ్మవు.

గత చరిత్ర: ఆవిడకి ఒకసారి పెళ్లయింది. ఆ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేని మనిషిగా ఆరేళ్లు ఉండి, బయటికి వచ్చేసింది. నా సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్ల కిందట నీకు ఒకమ్మాయి గురించి చెప్పబోయాను. "నువ్వా! ఆ పిల్లతో ఏం మాట్లాడతావురా?" అని పడీ పడీ నవ్వావు. మళ్లీ ఎత్తలేదు.

పరీక్షలు: ఆవిడని అడిగాను. కాదనలేదు. "మిమ్మల్ని పెంచింది మీ అక్కగారు కదా. ఆవిడ మనస్ఫూర్తిగా రమ్మంటే వస్తాను. ఇష్టం లేని గడప ఇంకోసారి తొక్కలేను" అంది.

గడువు: వేరే ఊళ్లో మా ఆసుపత్రి కొత్త శాఖకి బదిలీ మీద వెళ్తుందో లేదో ఆవిడ ఆగస్టు పదిలోగా చెప్పాలి. నీ మాట మీదే ఆగి ఉంది.

సలహా: ఏమంటావో రాయి. ఈసారి నవ్వకు అక్కా. నవ్వితే అదే జవాబు అనుకుని ఊరుకుంటాను.

---

నిఘంటువు కార్యాలయం,
అదే బల్ల, పక్కన జిగురు గిన్నె,
జూన్ 24

ఒరేయ్ తమ్ముడూ,

ఎంత పని చేశావురా! నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి కడుపు పట్టుకుని కూర్చున్నాను. ఇలాంటిది నువ్వు రాస్తావని కలలో కూడా అనుకోలేదు. ఈ వయసులో నీకీ బుద్ధి ఎలా పుట్టింది?

నాలో నేను నవ్వుకుంటే తనివి తీరదు కదా, గదిలో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. కామా గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, "అమ్మా, మీ తమ్ముడు, ఇన్నాళ్లూ, ఎక్కడ దాక్కున్నాడు" అన్నారు. ప్రూఫులు దిద్దే ఆవిడైతే ఆ పోయాడు సంగతి మూడుసార్లు చదివించుకుంది. ఇంటికెళ్లి మీ బావకి చెప్పాను. ఆయన కుట్టుమిషన్ చక్రం తిప్పడం ఆపి మరీ నవ్వారు. నా పెళ్లయ్యాక ఆయన చక్రం ఆపింది ఇది మూడోసారి.

నీకు చెప్పకుండానే కత్తెర వేశాను, ఏమనుకోకు. నీ ఉత్తరాన్ని అడ్డంగా అయిదు ముక్కలు చేశాను. సంగ్రహం, సారాంశం కలిసి ఒక కార్డుకి. టూకీ ఒకదానికి. క్లుప్తం ఒకదానికి. ముక్తసరి ఇంకోదానికి. కావలసినంత జిగురు రాసి గట్టిగా అతికించి, పైన పేపర్‌వెయిట్లు పెట్టాను. ఇక బ్రహ్మదేవుడు వచ్చినా ఊడిరావు. చివరి ముక్క, అదే నీ గొడుగు, ఏ మాట కిందికీ రాలేదు. బుట్టలో వేసేశాను.

వచ్చే ఏడాదికి నీ రాత అచ్చులో ఉంటుంది, ఊరూ వాడా చదువుతారు. మన ఇంట్లో నోరు లేనివాడివి నువ్వే అనుకున్నాం, చివరికి నిఘంటువుకెక్కింది నువ్వు. ఎవరైనా చుట్టాలు అడిగితే ఈ విషయం నేనే చెబుతాను. నువ్వు చెబితే "అచ్చయింది" అని ఊరుకుంటావు.

తాత్పర్యం, సంక్షేపం ఇంకా మిగిలి ఉన్నాయి. త్వరగా పంపు.

ప్రేమతో,
మీ అక్క

---

(పోస్టుకార్డు)
జూలై 3

అక్కా,

అందింది. జవాబు అర్థమైంది. అందరికీ చదివి వినిపించకుండా ఉంటే బాగుండేది. ఇక ఎత్తను.

తమ్ముడు

---

నిఘంటువు కార్యాలయం,
జూలై 12

తమ్ముడూ,

పోస్టుకార్డా! ఫారాలు కూడా అయిపోయాయా మీ ఆసుపత్రిలో?

ముక్తసరి అంటే ఏమిటో కిందటి ఉత్తరంలో రాశావు. ఎలా ఉంటుందో ఈ కార్డులో చూపించావు. ఇంత శ్రద్ధగా పాఠం చెప్పే మాస్టరు నాకు చిన్నప్పుడు దొరికి ఉంటే లెక్కల్లో తప్పేదాన్ని కాదు. ఒరేయ్, నలుగురి ముందు చదివితే అంత సిగ్గెందుకు? నువ్వు రాసినదాంట్లో దాచుకోవలసింది ఏముందని? మేం నవ్వింది నిన్ను చూసి కాదు, నీ తెలివి చూసి. పొగిడితే కూడా అలిగేవాణ్ణి నిన్నే చూశాను.

చిన్నప్పుడూ ఇంతే. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు, నాకు పద్దెనిమిది. నీకు జడ అల్లడం తప్ప అన్నీ చేశాను. నీకు జ్వరం వస్తే నువ్వు చెప్పేవాడివి కాదు, గోడవైపు తిరిగి పడుకునేవాడివి. వీపు చూసి జ్వరం కనిపెట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంత దూరం నుంచి నీ వీపు నాకు ఎలా కనబడుతుంది?

మీ బావ నీ కార్డు చదివి, "వాడు ఏదో మింగుతున్నాడే" అన్నారు. నేను, "మీకు అన్నీ మిషన్లలాగే కనబడతాయి, ఎక్కడో దారం చిక్కుపడిందంటారు" అని కొట్టిపారేశాను. అయినా అడుగుతున్నాను. బాగానే ఉన్నావా? మౌనం అర్ధాంగీకారం అంటారు కానీ నీ మౌనానికి అర్థం చెప్పే నిఘంటువు మా ఆఫీసులో కూడా లేదు.

తాత్పర్యం ఏమైంది? నేను దాని కోసం కాచుకుని ఉన్నాను.

మీ అక్క

---

(పోస్టుకార్డు)
జూలై 22

అక్కా,

క్షేమమే. ఆవిడ నిన్న బదిలీకి సంతకం పెట్టేసింది. ఇంకా గడువు ఉన్నా ఎందుకు ఆగాలని పెట్టేసింది. ఏడాది పాటు అక్కడే. నువ్వు ఇక ఆ విషయం మనసులో పెట్టుకోకు.

తాత్పర్యం గురించి నాకు తెలియదు. వేరే ఎవరినైనా అడుగు.

తమ్ముడు

---

నిఘంటువు కార్యాలయం,
ఆగస్టు 1

తమ్ముడూ,

ఏ ఆవిడరా?

ఇది నిన్న పొద్దున రాసిన వాక్యం. ఇంకేం రాయాలో తోచక కలం పెట్టేశాను. నీ నోట ఒక 'ఆవిడ' రావడం ఈ ఇరవై ఏళ్లలో నేను వినలేదు. ఎవరావిడ, ఏ బదిలీ, నేను మనసులో ఏం పెట్టుకున్నాను? మీ బావని అడిగితే, "వాడు ఎప్పుడో నీకు చెప్పాడు, నువ్వే ఎక్కడో పారేశావు. వాడి పాత ఉత్తరం తీసి చూడు" అన్నారు. ఉత్తరం ఎక్కడుంది నా మొహం, ముక్కలు చేసి అతికించాను కదా అన్నాను. "అయితే ఆ ముక్కలే చూడు" అన్నారు. కుట్టుమిషన్ మనిషికి అంత తెలిసింది, నాకు తెలియలేదు.

ఆఫీసుకొచ్చి కార్డుల పెట్టె తీశాను. ఈ వానలకి గదంతా చెమ్మ. టూకీ కార్డు మూల కొద్దిగా లేచి ఉంది. గోటితో ఇంకాస్త లేపితే కింద పెన్సిలుతో నీ రాత. "ఒకే బెంచీ మీద కూర్చుని" అని ఉంది. అంతే కనబడింది.

కామా గారిని పిలిచాను. ఆయన చూశారు. వెళ్లి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు తెచ్చారు. నాలుగు కార్డులూ అందులో వేసి ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నీ సిరా కరిగి పళ్లెమంతా నీలం రంగు తేలింది. సంగ్రహం పోయింది, టూకీ పోయింది, ఆ పోయాడు కూడా పోయాడు. నాకు నవ్వు రాలేదు. కాగితం ముక్కలు ఒక్కొక్కటే పైకి తేలితే ఆయన పట్టకారుతో తీసి అద్దుడు కాగితం మీద పరిచారు. సిరా నిలవలేదు కానీ పెన్సిలు అలాగే ఉంది. మా కామా గారు మొదటిసారి ఫుల్‌స్టాప్ పెట్టి మాట్లాడారు. "చదువుకోండమ్మా. నేను బయట ఉంటాను."

చదివాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికానని లోకం నవ్వుకోవచ్చు. నేను అంతకంటే ఘనురాలిని. చంకలో పిల్లాడికి జిగురు రాసి, అట్టకి అంటించి, మీద బరువు పెట్టాను. నువ్వు ప్రాణం పెట్టి రాసిన దాన్ని చదవకుండా నలుగురిలో చదివాననీ, నవ్వాననీ, అచ్చు వేస్తాననీ రాశాను. నా ఉత్తరం మళ్లీ నీ కళ్లతో చదివి చూసుకున్నాను. ప్రతి వాక్యం నిన్ను కొట్టినట్టే ఉందిరా. నువ్వు మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నావు. నేను ఆ వీపుకి మాస్టరుగారని పేరు పెట్టి ఎగతాళి చేశాను.

నువ్వు వెనకవైపు రాయడం కూడా నా పుణ్యమే. ముందువైపు రాస్తే నవ్వుతానని కదా! గత చరిత్ర గడి చదివాను. ఇరవై ఏళ్ల కిందట నవ్విన మాట నిజమే. ఎందుకు నవ్వానో కూడా చెబుతాను, ఇంతవరకూ మీ బావకి కూడా చెప్పలేదు. అప్పుడు నువ్వు మాతోనే ఉండేవాడివి. మీ బావ పగలంతా మిషన్ల మోతలో ఉండి ఇంటికొస్తే ఒక్క మాట చెవిన పడేది కాదు. నేను చెప్పేదంతా కూర్చుని వినేది నువ్వొక్కడివే. నువ్వు ఒక పిల్ల మాట ఎత్తగానే, వీడు వెళ్లిపోతే నేను ఎవరితో మాట్లాడతానని భయం వేసింది. ఆ భయం నీకు కనబడకుండా నవ్వేశాను. నువ్వు దాన్ని ఇరవై ఏళ్లు మోశావు. నా స్వార్థానికి నువ్వు శిక్ష అనుభవించావు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. ఆవిడ సంతకం పెట్టేశారు. అయినా పట్టుకోకుండా ఊరుకోలేను. దీనితో పాటు ఇంకో కవరు పెట్టాను. అది నీకు కాదు. విప్పకుండా, ఒక్క మాట కూడా కలపకుండా, మందుల గదిలో ఇవ్వు. ఆవిడ చదివి ఏమన్నా సరే, ఆవిడ ఇష్టం. కానీ నా మాట అందక వెళ్లకూడదు.

ఒక సంగతి. చివరి ముక్క గొడుగుతో పాటు బుట్టలోకి పోయింది. బుట్ట వెతికాను, ఊడ్చే ఆవిణ్ణి అడిగాను, ఎప్పుడో పోయింది. సలహా గడిలో నువ్వు ఏం రాశావో నాకు తెలియదు. అది పాటించే అవకాశం కూడా లేకుండా చేసుకున్నాను.

మీ అక్క

---

(ఆ ఇంకో కవరులోని ఉత్తరం)

ఆగస్టు 1

అమ్మా,

నవ్వింది నేను, తప్పు నాది, వాడిది కాదు. మీ సంగతి వాడు రాసిన కాగితం నిన్నటిదాకా నేను చదవలేదు. మా గడప మీకు కొత్త కావచ్చు, ఇష్టం లేని గడప మాత్రం కాదు. రండి.

అక్క

---

రికార్డుల గది,
ఆగస్టు 14

అక్కా,

ఆదివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాం.

ఇరవై ఏళ్ల సంగతి వదిలెయ్యి. నాతో మాట్లాడేవాళ్లు లేరని నేను అనుకునేవాణ్ణి. నువ్వూ అదే అనుకున్నావని తెలియదు. ముందే చెప్పుకుని ఉంటే ఇద్దరికీ బాగుండేది. నేను కవరు ఇచ్చి బయట నిలబడ్డాను. ఆవిడ లోపల చదువుకుంది. తర్వాత పిలిచి చేతికిచ్చి చదవమంది. చదివి, ఇది మా అక్క రాసింది కాదేమో, ఇంత చిన్నగా ఉంది అన్నాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

సంతకం పెట్టింది పెట్టిందే. వెనక్కి తీసుకోనివ్వరు. సెప్టెంబరు ఒకటికి అక్కడ చేరాలి. ఏడాది.

గొడుగు ఇద్దరికీ సరిపోతోంది.

వెనక చూడు. కత్తిరించకు. తడపకు.

తమ్ముడు

(వెనకవైపు, అచ్చు గడుల్లో, గుండ్రటి వేరే చేతిరాత)

రోగి: ఈయనే. ఇప్పుడు నేను కూడా.

ప్రధాన ఫిర్యాదు: అక్కగారికి నమస్కారం. ఈయన కనీసం నాకైనా అన్నీ చెబుతారనుకున్నాను. మీరు నవ్వారని మాత్రం చెప్పి ఊరుకున్నారు. పూర్తి ఉత్తరం చూపించమని అడగాల్సింది. నేను కూడా అడగలేదు. కాబట్టి తప్పులో నాకూ కాస్త వాటా ఉంది, అంతా మీరే తీసుకోకండి.

చరిత్ర: మీ నాలుగు వాక్యాలూ చాలాసార్లు చదివాను. నన్ను ఇంటికి రమ్మని ఎవరూ ఇంతవరకూ చేత్తో రాసి పిలవలేదు. కిందటిసారి తీసుకెళ్లారు, అంతే. మీ కార్డులకి ఉదాహరణలు పోయాయట కదా, ఈ ఉత్తరం మాత్రం అడగకండి, ఇవ్వను. నా మందుల గది సొరుగులో ఉంది, తాళం నా దగ్గరుంది.

చికిత్స: నేను ఏడాది దూరంగా ఉంటాను. వారానికో ఉత్తరం రాయాలని ఈయనకి చీటీ రాసిచ్చాను. రెండు వైపులా నిండాలి. ముందువైపు సూర్యుడు, వెనకవైపు చంద్రుడు గీసి ఇచ్చాను, ఏ పూటా మానకూడదు. తాత్పర్యం మీద మీకు ఏదో కావాలన్నారట. పెద్ద మాటలు నాకు తెలియవు. మా గదిలో అయితే, డాక్టరు రాసింది సంగ్రహం. రోగి ఇంటికెళ్లి, "ఏమన్నారు?" అని అడిగిన భార్యతో "ఏం ఫరవాలేదన్నారు" అని చెప్పేది తాత్పర్యం. కార్డుకి పనికొస్తే వాడుకోండి. దీన్ని కత్తిరించొచ్చు, నాకు అభ్యంతరం లేదు, ఈయనకి ఉంటే ఉండనివ్వండి.

సలహా: ఆ పోయిన ముక్కలో ఏముందో ఈయన నాకు చెప్పారు. 'ఈసారి నవ్వకు అక్కా' అని రాశారట. ఆ సలహా నేను కొట్టేస్తున్నాను. ఆదివారం మేం మీ గుమ్మంలోకి వచ్చేసరికి మీరు నవ్వుతూ ఉండాలి. గట్టిగా నవ్వండి. మీ నవ్వు ఎలా ఉంటుందో వినాలని ఉంది.